సెట్టింగ్ నిలవని ట్రిమ్మర్

అది ఎవరి ఇంటి వార్డ్‌రోబ్‌కో చేస్తున్న తెల్ల తలుపు. మిషన్‌లోంచి బయటికి రాగానే అలవాటుగా అంచు మీద బొటనవేలి గోరు పెట్టి లాగాను. మొదట్లో నున్నగా ఉంది. మధ్యదాకా కూడా నున్నగానే ఉంది. చివరికి వచ్చేసరికి గోరు గుంటలో పడింది. టేపును మాత్రమే కోయాల్సిన ట్రిమ్మర్ పైనున్న మైకాను కూడా కొరికేసింది.

ముందు రోజు సాయంత్రం షట్టర్ దించే ముందు ఆ ట్రిమ్మర్‌ను సెట్ చేసింది నేనే. ముక్క బోర్డు మీద నడిపి చూసి, బాగుందనుకున్నాకే ఇంటికి పోయాను.

అప్పట్లో మా షాపు సరూర్‌నగర్ చెరువుకు కాస్త ఎడంగా ఉన్న ఒక కాలనీలో, పాత మూడంతస్తుల ఇంటి కింది భాగంలో ఉండేది. బోర్డులు కోసి, అంచులకు టేపు అంటించి, కిచెన్లకూ వార్డ్‌రోబ్‌లకూ తలుపులు చేసిచ్చే పని. మా ఆయన సైట్లు తిరిగి కొలతలు తెచ్చేవాడు, తయారైనవాటిని ఆటో ట్రాలీలో తీసుకుపోయి బిగించేవాడు. షాపూ మిషనూ నేను చూసుకునేదాన్ని. మా ఇద్దరివీ పోచంపల్లి వైపు మగ్గాల ఇళ్లే. మిషన్ కొన్నప్పుడు ఆడమనిషి నడుపుతుందా అని అమ్మినవాళ్లే అనుమానపడ్డారు. నేర్చుకుంటే ఎవరైనా నడుపుతారు.

ఎడ్జ్ బ్యాండింగ్ మిషన్ అంటే పొడవాటి ఇనుప బల్ల అనుకోండి. ఒక చివర బోర్డు పెడితే కింద తిరిగే పట్టా దాన్ని లాక్కుపోతుంది. దారిలో అంచుకు వేడి గ్లూ పూస్తుంది, టేపు అతుక్కుంటుంది, రోలర్లు అదుముతాయి. టేపు బోర్డు మందం కంటే కొంచెం వెడల్పుగా ఉంటుంది కాబట్టి పైనా కిందా అంచు మిగులుతుంది. దాన్ని కోసేసే రెండు చిన్న మోటార్లే ట్రిమ్మర్. ఒక్కో కట్టర్ పక్కన ఒక చక్రం ఉంటుంది, అది బోర్డును ఆనుకుని దొర్లుతూ కట్టర్ ఎంత లోతుకు పోవాలో చెబుతుంది. ఆ చక్రానికి చిటికెడు గ్లూ అంటినా చాలు, లెక్క తప్పుతుంది. అందుకే రోజూ పొద్దున్నే గాలి కొట్టి పొట్టు ఊదేసి, చక్రాన్ని థిన్నర్ గుడ్డతో తుడిచి, కట్టర్ పళ్లు వేలితో తడిమి చూసుకుని, ఆ తర్వాతే పని మొదలుపెట్టేదాన్ని.

ఆ రోజూ అవన్నీ చేశాను. అయినా తలుపు పాడయింది.

మళ్లీ సెట్ చేశాను. సాయంత్రం దాకా అంచులు అద్దంలా వచ్చాయి. తెల్లారి మొదటి బోర్డు మళ్లీ అలాగే, చివర్లో గుంట. ఈసారి ట్రిమ్మర్ లోతు సెట్ చేసే స్క్రూ మీదా, పక్కనున్న ఇనుము మీదా మార్కర్‌తో ఒకే గీత గీశాను. స్క్రూ కదిలితే గీత విడిపోయి కనబడుతుంది. మరుసటి పొద్దున గీత గీసినట్టే ఉంది, బోర్డు మాత్రం పాడయింది. స్క్రూ కదల్లేదు. కట్టర్ కదల్లేదు. మరి కదిలిందేమిటి?

మా ఆయనకు చెబితే, "నీ చెయ్యి ఆగుతలేదు. లాక్ గట్టిగ బిగిస్తున్నవా లేదా?" అన్నాడు.

"బిగిస్తున్న. నువ్వే చూడు, గీత కూడా పెట్టిన."

చూశాడు. తనే ఎల్ కీ తీసుకుని ట్రిమ్మర్ విప్పి, తుడిచి, మళ్లీ కూర్చి, తనే సెట్ చేశాడు. మరునాడు పొద్దున మొదటి బోర్డు కూడా తనే పెట్టాడు. బయటికి వచ్చిన అంచును వేలితో తడిమి, బోర్డును గోడకు ఆనించాడు. ఆ తర్వాత నా చేతి మాట ఎత్తలేదు.

మా పైన రెండంతస్తుల్లో ఆడపిల్లల హాస్టల్ ఉండేది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగులకు వచ్చే పిల్లలు. ఇల్లూ హాస్టలూ ఒకావిడవే. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. పిల్లలు ఆంటీ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆ వారంలోనే ఆవిడ మెట్ల మీదినుంచి వంగి, "ఏమ్మా, మీ ఆయన్ని ఒకసారి పైకి పంపిస్తావా? బాత్రూమ్ తలుపు పట్టేస్తోంది," అంది.

మా ఆయన పోయి తలుపు కింద రంధా పట్టి వచ్చాడు. "చెక్క ఉబ్బింది, వానలకు మామూలే," అన్నాడు. అప్పటికి వానలు ఇంకా మొదలుకాలేదు. నాకు ఆ మాట తట్టింది కానీ పైకి అనలేదు. కొన్నాళ్లకు అదే తలుపు మళ్లీ పట్టేసింది. మళ్లీ పోయి ఇంకాస్త చెక్కి వచ్చాడు. ఈసారి కింద కాదు, పై మూలన.

మా వెనక స్థలంలో పాత ఇల్లు కూల్చేసి అపార్ట్‌మెంట్ కోసం సెల్లార్ తవ్వుతున్నారు. పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా జేసీబీ చప్పుడు, టిప్పర్ల చప్పుడు. అలవాటైపోయి మేమెవరం పట్టించుకోవడం మానేశాం. మా ప్రహరీ గోడ అవతల ఎంత లోతు పోయారో ఎవరమూ తొంగిచూడలేదు.

మిషన్ కొన్న చోటికి ఫోన్ చేస్తే పెద్ద అంబర్‌పేట్ గోదాం నుంచి టెక్నీషియన్ వచ్చాడు. నల్గొండ వైపు మనిషి, నన్ను అక్కా అనేవాడు. ట్రిమ్మర్ మొత్తం విప్పాడు. మోటార్ ఇరుసు చేత్తో తిప్పి చెవి దగ్గర పెట్టి విన్నాడు. కట్టర్లు తిప్పి కొత్త పళ్లు ముందుకు తెచ్చాడు. చక్రం అరిగిందేమోనని గేజ్ పెట్టి చూశాడు.

"దీన్ల ఏం లోపం లేదక్కా. బేరింగ్ మంచిగుంది, చక్రం మంచిగుంది. సెట్ చేసిన, ఇగ పరేషాన్ కాకు," అని పోయాడు.

మరునాడు ఫోన్ చేశాను. "తమ్ముడూ, మల్ల అట్లనే అయింది."

"ఒస్త," అని మాత్రం అన్నాడు.

ఈసారి సంచిలోంచి ముందుగా తీసింది రసమట్టం, మేస్త్రీలు గోడలకు పెట్టి చూసేది. మిషన్ బల్ల మీద పొడుగునా పెట్టాడు, అడ్డంగా పెట్టాడు, చివరన పెట్టాడు. ముందు చివర దాని గాజు గొట్టంలోని బుడగ మధ్యలో ఉంది. వెనక గోడ వైపు చివర బుడగ పూర్తిగా ఒక పక్కకు పోయి నిలిచింది.

"ట్రిమ్మర్ తప్పుతలేదక్కా. మిషనే మెలిపడుతుంది. వెనకాల కాలు ఒకటి కిందికి పోయింది. బోర్డు సగం దాక మంచిగ వొచ్చి, ఆడికి పోయినంక లేస్తుంది. అందుకే కొరుకుతుంది."

కాలి కింద బోల్టు తిప్పి ఎత్తు పెంచాడు. బుడగ మధ్యకు వచ్చాక ట్రిమ్మర్ మళ్లీ సెట్ చేశాడు. రసమట్టాన్ని బల్ల మీదే వదిలేసి, "దీన్ని కదిలియ్యకు. పొద్దుగాల వొచ్చి చూసి నాకు చెప్పు," అన్నాడు.

పొద్దున షట్టర్ ఎత్తి లైటు వేసి చూశాను. బుడగ పక్కకు జరిగి ఉంది. ఫోన్‌లో చెబితే అతను, "అక్కా, ఇది మిషన్‌ది కాదు. నేలది," అన్నాడు.

మా ఆయనా నేనూ వెనక సందులోంచి పోయి ప్రహరీ మీదుగా అవతలికి చూశాం. గోడ పునాదికి ఆనుకునే గొయ్యి మొదలైంది. మధ్యలో మనిషి నడిచేంత జాగా కూడా వదల్లేదు. అడుగున ఉన్న జేసీబీ పైనుంచి ఆటబొమ్మలా కనబడింది. తవ్విన గోడంతా ఎర్రమట్టి కాదు, నల్లటి పూడిక. ఎప్పుడో చెరువు పక్కన పోసిన చెత్తా ఇటుక ముక్కలూ మధ్యమధ్యలో కనిపించాయి. మా షాపున్న ఇల్లు నిలబడింది దాని మీద.

సైట్ సూపర్‌వైజర్ మర్యాదగానే మాట్లాడాడు. "ఏం కాదు మేడం. మట్టి జారకుండ రిటైనింగ్ వాల్ లేస్తది, ఇంకొన్ని రోజులు ఓపిక పట్టండ్రి."

"అప్పటిదాక మా గోడను ఎవరు పట్టుకుంటరు?" అని మా ఆయన అడిగాడు.

"ఇంజినీర్ సాబ్ చూసిండు సార్," అని మాత్రం అన్నాడు.

ఆంటీని కిందికి పిలిచి మిషన్ చూపించాను. రసమట్టం చూపించాను. బాత్రూమ్ తలుపు సంగతి గుర్తుచేశాను. ఆవిడ అంతా విని, గొంతు తగ్గించి, "నువ్వు చెప్పేది కాదనను. కానీ ఈ మాట పిల్లల చెవిన పడిందంటే రేపటికి ఒక్కరు మిగలరు. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. ఎక్కడికి పోతారు చెప్పు?" అంది. తర్వాత తనే మళ్లీ, "ఈ ఇల్లు కట్టి ఎన్నేళ్లయిందో తెలుసా నీకు? ఎన్ని వానలు చూసిందో?" అంది. నాకు చెబుతోందా తనకు తనే చెప్పుకుంటోందా తెలియలేదు.

మేం మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం. వచ్చి చూశారు. తవ్వకం ఆపమన్నారు. జేసీబీ పైకెక్కి వెళ్లిపోయింది. ఆ నిశ్శబ్దం చూసి ఆంటీ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం తవ్వుతున్నప్పటి కంటే ఎక్కువ భయం వేసింది. గొయ్యి పూడ్చలేదు, గోడ కట్టలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, పైన మబ్బు పడుతోంది.

వేరే షెడ్డు వెతకడం మొదలుపెట్టాం. దొరికేదాకా ఒప్పుకున్న పని ఆపలేం కదా. పొద్దున్నే వచ్చి బుడగ చూసుకునేదాన్ని, కాలి బోల్టు తిప్పి బల్లను సరిచేసేదాన్ని, ట్రిమ్మర్ సెట్ చేసేదాన్ని, పని చేసేదాన్ని. రోజూ బోల్టు ఇంకాస్త తిప్పాల్సి వచ్చేది. ఒక రోజు మధ్యాహ్నానికే మళ్లీ తిప్పాల్సి వచ్చింది. నేను మిషన్‌ను సరిచేస్తున్నానా, పోతున్న ఇంటికి చెక్కముక్క పెట్టి నిలబెడుతున్నానా అనిపించింది.

వానలు ఒక్కసారిగా మొదలయ్యాయి. రెండు రాత్రులు ఆగకుండా కురిసి, తెల్లారేసరికి సన్న తుంపరకు వచ్చింది. ఆ పొద్దున మా ఆయన ఎల్బీ నగర్‌లో ఒక ఫ్లాట్‌లో కిచెన్ బిగించడానికి పోయాడు. నేను షాపు తెరిచి, గ్లూ వేడెక్కేదాకా ఆగి, మొదటి బోర్డు పెట్టాను.

సగం పోయి ఆగిపోయింది. పట్టా లాగుతోంది, బోర్డు కదలడం లేదు. పైనున్న రోలర్ల వరుసకూ కింద పట్టాకూ మధ్య అది బిగుసుకుపోయింది. ట్రిమ్మర్ ఒక్కచోటే తిరుగుతూ అరుపు మొదలుపెట్టింది. కట్టర్ మైకాను దాటి చెక్కలోకి దిగిపోతోంది, కాలిన వాసన. ఎర్ర బటన్ కొట్టాను.

మోటార్లు ఆగాక ఇంకో చప్పుడు వినబడింది. బియ్యం బస్తాకు చిల్లు పడితే కారే చప్పుడు. వెనక గోడ దగ్గరికి పోయి చూస్తే నేలకూ గోడకూ మధ్య సందు విడిచింది. ఆ సందులోంచి వెలుతురు కింద నుంచి వస్తోంది. ఇంటి కింద నుంచి.

మెయిన్ స్విచ్ ఆపేసి పైకి పరుగెత్తాను.

ఆంటీ గరిటెతో ఉప్మా వడ్డిస్తోంది. పిల్లలు ప్లేట్లు పట్టుకుని వరసలో ఉన్నారు.

"ఆంటీ, అందరిని కిందికి తీసుకపోండ్రి. గోడ కింద మట్టి పోతుంది."

ఆవిడ నా మొహం చూసింది. గరిటె గిన్నెలో పడేసి, "ఎక్కడి ప్లేట్లు అక్కడే పెట్టి దిగండి. చెప్పులు వెతక్కండి, దిగండి," అంది. పై అంతస్తు పిల్లల్ని కూడా కేకేసి పిలిచింది. మెట్ల మీద అడుగుల చప్పుడు, ఏమైంది ఏమైందనే మాటలు.

అందరూ దిగుతుంటే వెనక వైపు నుంచి తలుపు బాదుతున్న చప్పుడు వచ్చింది. బాత్రూమ్‌లో ఒక పిల్ల ఉండిపోయింది. గడియ తీసిందట, తలుపు రావడం లేదు. మా ఆయన రెండుసార్లు చెక్కిన తలుపే. చౌకట్టు పక్కకు ఒరిగి దాన్ని బిగపట్టేసింది.

సుత్తి కోసం మళ్లీ కిందికి, ఆ షాపులోకే పోవాల్సి వచ్చింది. ఈసారి ఆ చప్పుడు బియ్యం కారినట్టు లేదు, కంకర జారినట్టు ఉంది. సుత్తి, ఉలి దొరకబుచ్చుకుని పైకి వచ్చాను. గడియ పక్కన ఉలి పెట్టి కొట్టాను. ఆంటీ భుజంతో నెట్టింది. లోపలి పిల్ల ఏడుస్తూ, "ఆంటీ, టైల్స్ పగులుతున్నాయి," అంది. కింది పలక విరిగింది. ఆ సందులోంచే పిల్లను లాగాం. తల నిండా సబ్బు నురగ, ఒంటికి తువ్వాలు. ఆంటీ తన చీర కొంగు తీసి ఆమె మీద కప్పింది. ముగ్గురం గోడ పట్టుకుంటూ దిగాం.

బయట రోడ్డు మీద నిలబడ్డాం. తుంపర పడుతోంది. ఏమీ జరగలేదు.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఇల్లు రోజూ ఉన్నట్టే ఉంది. పిట్టగోడ మీద పిల్లల బట్టలు తడుస్తున్నాయి. ఎదురింటాయన బయటికి వచ్చి సంగతి విని, "ఊకె భయపడుతున్నరు," అని నవ్వాడు. ఒక పిల్ల హాల్ టికెట్ లోపల ఉండిపోయిందనీ, ఒక్క నిమిషంలో తెచ్చుకుంటాననీ బతిమాలింది. ఆంటీ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం మొదలైంది.

"వెళ్లి తెచ్చుకోనీయమ్మా. ఏమీ అవలేదుగా."

"ఒద్దు ఆంటీ."

"నువ్వు ఒద్దంటే అయిపోతుందా? ఇల్లు నాది."

నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగబోయింది. అప్పుడు వెనక ప్రహరీ పడింది. పెద్ద శబ్దమేమీ కాదు, తడి మూటను నేలకేసి కొట్టినట్టు ఒక దెబ్బ. దాని వెనకే మా షాపు వెనక గోడ, దాని మీది రెండు బాత్రూములు, ఒక గది సగం కిందికి జారిపోయాయి. దుమ్ము లేవలేదు. బురద వాసన మాత్రం వచ్చింది. ఆంటీ నా చెయ్యి వదల్లేదు. అలాగే పట్టుకుని రోడ్డు మీద కూర్చుండిపోయింది.

మా ఆయన వచ్చేసరికి పోలీసులు తాడు కట్టేశారు. గుంపును తోసుకుని వచ్చి, నన్ను తలనుంచి కాళ్లదాకా చూసి, "గ్లూ ఆపినవా?" అని అడిగాడు. ఆ మనిషికి ఇంకేం అడగాలో తోచలేదు. ఆపిన, అన్నాను.

ఎవరికీ ప్రాణం పోలేదు. మిగిలిన ఇంటిని కూల్చేయమని ఆర్డర్ ఇచ్చారు. పిల్లల పుస్తకాలూ పెట్టెలూ ముందు గదుల్లోంచి ఫైర్ వాళ్లు తెచ్చిచ్చారు, హాల్ టికెట్ కూడా దొరికింది. మా మిషన్ వెనక సగం గాలిలో వేలాడుతూ ఉంటే క్రేన్ పెట్టి తీశారు. బల్ల విల్లులా వంగిపోయింది.

కొన్నాళ్లకు తవ్వినవాళ్ల తరఫున ఒక మాట బయల్దేరింది. కింద నడిచే మిషన్ అదురుకే ఇల్లు బలహీనపడిందని, తవ్వకం వల్ల కాదని. ఆ మాట ఆంటీ దాకా పోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో చెల్లెలి ఇంట్లో ఉంటున్న ఆవిడను చూడటానికి పోతే, మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుని సూటిగా అడిగింది.

"నిజం చెప్పు. మీ మిషన్ వల్ల కాదు కదా?"

ఆ ప్రశ్న అంతకు ముందే చాలాసార్లు నన్ను నేను అడుక్కున్నాను. అంత చిన్న మోటార్లు ఇంటిని అదిరించవని టెక్నీషియన్ చెప్పాడు, ఇల్లు పడటం మీద జరిగిన ఎంక్వయిరీలో కూడా వచ్చి అదే చెప్పాడు. అయినా ఆ మట్టి మీద ఏళ్ల తరబడి నడిపింది నేనే.

"నాకు తెలిసినంతల కాదు ఆంటీ. మొత్తం తెలుసని చెప్పలేను," అన్నాను.

తర్వాత ఎంక్వయిరీలో తన వంతు వచ్చినప్పుడు ఆవిడ, తలుపులు పట్టేయడం తవ్వకం మొదలయ్యాకే మొదలైందని, మిషన్ అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా నడుస్తోందని చెప్పింది. ముందే నేను చెప్పిన సంగతి కూడా దాచలేదు. తెలిసీ పిల్లల్ని ఎందుకు ఉంచావని అక్కడే గట్టిగా అడిగారట. దానికి ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలియదు. నేను అడగలేదు.

మేం పెద్ద అంబర్‌పేట్ దగ్గర రేకుల షెడ్డుకు మారాం. టెక్నీషియన్ పాత ట్రిమ్మర్ మోటార్లు రెండూ విప్పి, కడిగి, బేరింగులు మార్చి, ఒక సెకండ్‌హ్యాండ్ మిషన్‌కు బిగించి ఇచ్చాడు. ఆంటీ అద్దె బిల్డింగ్‌లో మళ్లీ హాస్టల్ పెట్టింది. బీరువాలు మా దగ్గరే చేయించుకుంది.

ఇప్పటికీ పని మీద ఆ కాలనీకి పోవాల్సి వస్తుంటుంది. ఇల్లు పడిన కేసు ఇంకా తెగలేదు. గొయ్యి అలాగే ఉంది, చుట్టూ రేకులు కట్టారు, లోపల పచ్చటి నీళ్లు నిలిచాయి. దానికి అవతలి పక్కన ఇంకో పాత ఇల్లు ఉంది. పోయిన నెల ఆ ఇంటి గేటు కొట్టాను. బిడ్డను చంకనెత్తుకున్న ఒకామె వచ్చింది.

"మీ ఇంట్ల తలుపులేమన్న పట్టేస్తున్నయా?" అని అడిగాను.

"వెనకదొకటి పడతలేదు. ఎందుకక్కా?"

చెప్పాను. ఆమె విన్నది. బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. "మాకు నోటీసేం రాలేదక్కా. ఇల్లుగలాయన ఏం కాదన్నడు," అంది.

నా నంబర్ ఇచ్చి వచ్చాను. మొన్న బస్సులోంచి చూస్తే ఆ ఇంటి మీద ఎప్పటిలాగే బట్టలు ఆరేసి ఉన్నాయి.